ఛత్తీస్‌గఢ్‌కు అణు విద్యుత్తు: ముందు నీటి లెక్క, ఆ తరువాతే రేడియేషన్ లెక్క

రాయ్‌పూర్‌లో 2025 మార్చిలో జరిగిన ఇంధన రంగ పెట్టుబడిదారుల సదస్సులో ఛత్తీస్‌గఢ్‌కు మూడు లక్షల కోట్ల రూపాయల మేర ప్రతిపాదనలు వచ్చాయి. వాటిలో అందరి దృష్టినీ ఆకర్షించినది ఒకటి. సుమారు 80,000 కోట్ల రూపాయల వ్యయంతో 4,200 మెగావాట్ల అణు విద్యుత్ కేంద్రాన్ని ఎన్‌టీపీసీ ఈ రాష్ట్రంలో నెలకొల్పుతుందన్న ప్రకటన అది. దేశానికి బొగ్గు పంపే రాష్ట్రంగానే ఇంతకాలం పేరుపడిన ఛత్తీస్‌గఢ్‌ అణు విద్యుత్తు వైపు వేసిన తొలి అడుగుగా దానిని అధికారులు అభివర్ణించారు.

రాయ్‌పూర్, భిలాయి, బిలాస్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ చర్చ కొత్తది కాదు. రైల్వేలోనో, ఉక్కు కర్మాగారంలోనో ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితం వచ్చినవారు వీరిలో చాలామంది. వారి సొంత గడ్డ మీద కొవ్వాడ పేరు పదిహేనేళ్లకు పైగా నలుగుతూనే ఉంది. ఇప్పుడు ఉంటున్న ఊరికి కూడా అదే మాట వచ్చింది. అణు కేంద్రం బాంబులా పేలుతుందా, చుట్టుపక్కల వారికి కేన్సర్ వస్తుందా అన్నవి సహజంగా ముందు వినబడే ప్రశ్నలు. ఆ రెండింటికీ సమాధానాలు ఉన్నాయి. అయితే సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రం వాటికన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. అది నీటికి సంబంధించినది.

మొదట బాంబు సంగతి తేల్చుకుందాం. ప్రకృతిలో దొరికే యురేనియంలో విచ్ఛిత్తికి పనికివచ్చే యురేనియం-235 పాలు 0.7 శాతం మాత్రమే. మన దేశంలోని అత్యధిక రియాక్టర్లు ఈ సహజ యురేనియంతోనే నడుస్తాయి. శుద్ధిచేసిన ఇంధనం వాడే విదేశీ రియాక్టర్లలో కూడా ఆ పాలు సాధారణంగా 5 శాతం దాటదు. బాంబుకు అది 90 శాతం వరకు ఉండాలి. కనుక విద్యుత్ రియాక్టర్ బాంబులా పేలే అవకాశం లేదు. 1986లో చెర్నోబిల్‌లో రియాక్టరును బద్దలు చేసినది ఆవిరి పీడనం. 2011లో ఫుకుషిమాలో భవనాల పైకప్పులను ఎగరగొట్టినది హైడ్రోజన్ వాయువు. అయితే పేలినది బాంబు కాదన్న మాట నిరాశ్రయులైన వారికి ఊరట కాదు. ప్రమాదం మరో రూపంలో వస్తుందని మాత్రమే దీని అర్థం.

మూడు పాళ్ల వేడి, ఒక పాలు విద్యుత్తు

అణు కేంద్రం కూడా మూలతః ఒక ఆవిరి యంత్రమే. బొగ్గు మండించి నీటిని మరిగించే చోట యురేనియం అణువులను చీల్చి నీటిని మరిగిస్తారు. ఆ ఆవిరి టర్బైనును తిప్పుతుంది. తిప్పిన తరువాత ఆవిరిని చల్లార్చి మళ్లీ నీరుగా మార్చాలి. పుట్టిన వేడిలో సుమారు మూడో వంతే విద్యుత్తుగా మారుతుంది. మిగిలిన రెండు వంతులను ఎక్కడో ఒకచోట వదిలిపెట్టాలి. బొగ్గు కేంద్రంలో కొంత వేడి పొగగొట్టం ద్వారా గాలిలోకి పోతుంది. అణు కేంద్రానికి పొగగొట్టం లేదు. దాదాపు ఆ వేడి భారమంతా నీటి మీదే పడుతుంది. అందుకే ఒక యూనిట్ విద్యుత్తుకు అణు కేంద్రం బొగ్గు కేంద్రం కన్నా ఎక్కువ నీటిని కోరుతుంది.

తారాపూర్, కల్పాక్కం, కుడంకుళం కేంద్రాలు సముద్ర తీరాన వెలిసింది ఈ కారణంగానే. లోతట్టు ప్రాంతంలో కడితే నదిని గాని, కాలువను గాని, జలాశయాన్ని గాని ఆశ్రయించాలి. హర్యానాలోని ఫతేహాబాద్ జిల్లా గోరఖ్‌పూర్ గ్రామంలో 700 మెగావాట్ల రియాక్టర్లు నాలుగు, అంటే 2,800 మెగావాట్ల కేంద్రం నిర్మాణంలో ఉంది. దానికి భాక్రా కాలువ వ్యవస్థ నుంచి 320 క్యూసెక్కుల నీటిని కేటాయించారు. అదే నిష్పత్తిని ఛత్తీస్‌గఢ్ ప్రతిపాదనకు వర్తింపజేసి చూద్దాం. 4,200 మెగావాట్లకు 480 క్యూసెక్కులు కావాలి. ఏడాది పొడుగునా తీసుకుంటే సుమారు 15 టీఎంసీలు అవుతుంది. ధమ్తరి దగ్గర మహానది మీద ఉన్న గంగ్రేల్ జలాశయం మొత్తం సామర్థ్యం 32 టీఎంసీలు. రాయ్‌పూర్ తాగునీరు, భిలాయి ఉక్కు కర్మాగారం, వేలాది ఎకరాల వరి పొలాలు ఆ జలాశయం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇది మా లెక్క, అధికారిక అంచనా కాదు. తీసుకున్న నీరంతా ఆవిరైపోదు, కొంత తిరిగి వస్తుంది. కేంద్రాన్ని మహానది ఒడ్డునే కట్టాలనీ లేదు. హస్‌దేవ్ ఉంది, ఇంద్రావతి ఉంది. అయితే మహానది నీటిపై ఒడిశాతో ఉన్న వివాదాన్ని పరిష్కరించడానికి కేంద్రం 2018 మార్చిలో ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసిన సంగతి గుర్తుంచుకోవాలి. ఎగువన ఛత్తీస్‌గఢ్ కట్టిన బ్యారేజీల వల్ల వేసవిలో హీరాకుడ్‌కు ప్రవాహం తగ్గిందన్నది ఒడిశా ఫిర్యాదు. ఇంద్రావతి నీరు చివరికి గోదావరిలో కలిసి మన తెలుగు రాష్ట్రాలకే చేరుతుంది. ఎక్కడ చెయ్యి పెట్టినా దిగువన మరొకరు ఉన్నారు.

నీటి ప్రశ్న పర్యావరణానికి మాత్రమే సంబంధించినది కాదు, భద్రతకు కూడా సంబంధించినది. కరువు వచ్చి నది ఎండితే బొగ్గు కేంద్రాన్ని ఆపేస్తారు, కొలిమి చల్లారుతుంది, అంతటితో సరి. అణు రియాక్టరు ఆపినంత మాత్రాన చల్లారదు. విచ్ఛిత్తి ఆగిపోయినా, అప్పటికే పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు క్షయమవుతూ వేడిని వెలువరిస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో ఆ వేడి పూర్తి సామర్థ్యంలో 6 నుంచి 7 శాతం వరకు ఉంటుంది. గంట తరువాత 1.5 శాతానికి దగ్గరగా వస్తుంది. వినడానికి చిన్న అంకె. కాని 700 మెగావాట్ల రియాక్టరు విషయంలో ఆ చిన్న అంకె అంటే 30 మెగావాట్లకు పైబడిన వేడి. దానిని రోజుల తరబడి, ఒక్క పూట కూడా విరామం లేకుండా తొలగించాలి. ఫుకుషిమాలో రియాక్టర్లు భూకంపం రాగానే నియమం ప్రకారమే ఆగిపోయాయి. ఆగిన తరువాత చల్లబరచలేకపోవడమే అక్కడి విషాదం.

నది ఎండకపోయినా వేడెక్కితే చాలు, ఇబ్బంది మొదలవుతుంది. 2003లోనూ, 2022లోనూ ఐరోపాను వడగాలులు కుదిపినప్పుడు ఫ్రాన్స్‌లో నదుల ఒడ్డున ఉన్న అణు కేంద్రాలు ఉత్పత్తిని తగ్గించుకోవలసి వచ్చింది. అప్పటికే వెచ్చబడిన నదిలోకి మరింత వేడి నీరు వదిలితే చేపలు బతకవన్నది కారణం. మే నెలలో రాయ్‌పూర్ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడి శ్రోతలకు చెప్పనక్కరలేదు.

మన ముంగిట ఉన్న బూడిద

ఇంతవరకు చెప్పినది చదివి బొగ్గే మేలని ఎవరైనా అనుకుంటే అది తొందరపాటు. కోర్బా, సిపత్, రాయగఢ్ ప్రాంతాల్లో బూడిద చెరువుల పక్కన బతుకుతున్న వారిని అడిగితే బొగ్గు సంగతి చెబుతారు. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, 30 శాతం నుంచి 45 శాతం దాకా ఉంటుంది. 1,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఏడాదికి దాదాపు 50 లక్షల టన్నుల బొగ్గును కాలుస్తుంది. 15 లక్షల టన్నులకు పైగా బూడిదను మిగులుస్తుంది. అంతే విద్యుత్తుకు సహజ యురేనియం 150 టన్నులు కూడా అవసరం లేదు. బొగ్గు రైళ్ల మీద రైళ్లుగా రావాలి, ఇది కొన్ని లారీలతో సరిపోతుంది.

వాతావరణ మార్పుల లెక్కలో తేడా ఇంకా పెద్దది. గని తవ్వకం నుంచి కేంద్రం కూల్చివేత వరకు అన్నీ కలిపి చూసినప్పుడు ఒక యూనిట్ విద్యుత్తుకు బొగ్గు నుంచి 820 గ్రాముల కార్బన్ డయాక్సైడు, అణు విద్యుత్తు నుంచి 12 గ్రాములు వెలువడతాయని వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2014 నివేదికలో మధ్యస్థ అంచనా ఇచ్చింది. బొగ్గులో సూక్ష్మ పరిమాణంలో యురేనియం, థోరియం కూడా ఉంటాయి. అవి బూడిదలో పోగుపడతాయి. అణు కేంద్రం అంటే ఉలికిపడే మనం బూడిద ఇటుకలతో నిశ్చింతగా ఇళ్లు కట్టుకుంటున్నాం. ఆ ఇటుకలు ప్రమాదకరమని కాదు, మన భయాలు కొలతలను బట్టి నడవవని చెప్పడమే ఉద్దేశం. ఉర్లా, సిల్తరా వైపు ఉండేవారు ఉదయం డాబా మీద వేలు పెట్టి గీస్తే నల్లటి చార కనిపిస్తుంది. ఆ మసికి ఎవరూ శాస్త్రీయ నామం పెట్టలేదు కాబట్టి అది మనల్ని భయపెట్టదు.

కంటికి కనబడని కొలత

ఫుకుషిమా వార్తలు రోజూ వస్తున్న 2011 మార్చిలో వార్తా విభాగంలో మాకు ఎదురైన చిక్కు ఒకటి గుర్తుకొస్తోంది. మిల్లీసీవర్ట్ అన్న మాటను ఐదు నిమిషాల బులెటిన్‌లో తెలుగులో ఎలా చెప్పాలి? అనువదించబోతే మరింత గందరగోళమయ్యేది. చివరకు పోలికలనే ఆశ్రయించాం. ఇక్కడా అదే దారి.

నేల నుంచి, ఆకాశం నుంచి, తినే ఆహారం నుంచి మనిషికి సహజంగా అందే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీయించుకుంటే 0.1 మిల్లీసీవర్ట్ లోపు. పొట్టకు సీటీ స్కాన్ చేయిస్తే 7 నుంచి 10 వరకు. అణు కేంద్రం వల్ల బయటి ప్రజలకు అదనంగా అందే మోతాదు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్‌కు మించరాదని అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ నిబంధన. మండలి వార్షిక నివేదికల ప్రకారం దేశంలోని కేంద్రాల చుట్టూ నమోదైన మోతాదులు ఆ పరిమితికి చాలా దిగువన ఉంటున్నాయి. ఉద్యోగులకు పరిమితి వేరు. అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు.

మరి కేన్సర్ మాట? తక్కువ మోతాదుల ప్రభావాన్ని కొలవడం కష్టమైన పని. జర్మనీలో 2007లో వెలువడిన ఒక అధ్యయనం అణు కేంద్రాలకు అయిదు కిలోమీటర్ల లోపు నివసించే చిన్నపిల్లల్లో రక్త కేన్సర్ కేసులు కొంత ఎక్కువగా ఉన్నట్టు గుర్తించింది. అక్కడ నమోదైన రేడియేషన్ మాత్రం ఆ పెరుగుదలకు కారణమని చెప్పడానికి చాలనంత స్వల్పం. మన దేశంలో కేరళలోని కరునాగపల్లి తీరం ఇసుకలో మోనజైట్ ఉండడం వల్ల అక్కడ సహజ రేడియేషనే అనేక రెట్లు ఎక్కువ. అక్కడ దశాబ్దాలుగా సాగిన పరిశీలనలో కేన్సర్ పెరిగినట్టు తేలలేదు. శ్రీకాకుళం జిల్లా భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలోనూ ఈ మోనజైట్ ఉంది. ఒక అధ్యయనాన్ని చూపి భయపెట్టడమూ, మరొకదాన్ని చూపి అంతా క్షేమమనడమూ రెండూ సరికావు.

రోజువారీ నిర్వహణలో జరిగే పొరపాట్లను కూడా చెప్పుకోవాలి. మన రియాక్టర్లలో వాడే భారజలం కాలక్రమేణా ట్రిటియంతో నిండుతుంది. అది హైడ్రోజన్‌కు రేడియోధార్మిక రూపం. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు. 2009 నవంబరులో కర్ణాటకలోని కైగా కేంద్రంలో ఉద్యోగులు తాగే వాటర్ కూలర్‌లో ట్రిటియం కలిసింది. యాభై మందికి పైగా దాని బారిన పడ్డారు. యంత్రం విఫలమై కాదు, ఎవరో కావాలనే కలిపారని అధికారులే ప్రకటించారు. అదే కైగాలో మొదటి యూనిట్ 2018 డిసెంబరు 31 నాటికి 962 రోజులు ఆగకుండా నడిచి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సాంకేతిక సామర్థ్యం, మనిషి మనసు ఒకే ప్రాంగణంలో ఉంటాయి.

తుమ్మలపల్లి బావులు చెప్పేది

అణు కేంద్రం గోడ దగ్గర గాలి, నీరు పరీక్షించి అంతా బాగుందని చెబితే సగం కథే చెప్పినట్టు. ఇంధనం అంతకు ముందే ఎక్కడో భూమిని చీల్చుకుని వచ్చింది. ఈ విషయంలో తెలుగు నేలకు దేశంలో మరెవరికీ లేనంత అనుభవం ఉంది. దేశంలోని రియాక్టర్లకు ఇంధన కట్టలు తయారయ్యేది హైదరాబాదులోని అణు ఇంధన సముదాయంలో. భారజలంలో పెద్ద భాగం మణుగూరు నుంచి వస్తుంది. యురేనియం గని, శుద్ధి కర్మాగారం కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లిలో ఉన్నాయి. ఖనిజాల జాడ వెతికే అటమిక్ మినరల్స్ డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం కూడా హైదరాబాదులోనే. ఛత్తీస్‌గఢ్‌లోని బోదల్, జాజావల్ ప్రాంతాల్లో యురేనియం నిక్షేపాలను గుర్తించినది ఆ సంస్థే.

తుమ్మలపల్లి ఖనిజం నాసిరకం. టన్ను రాయిని పిండి చేస్తే అరకిలో యురేనియం కూడా దక్కదు. మిగిలిన రాతి పిండి, దానిని కరిగించడానికి వాడిన క్షార ద్రావణంతో కలిసి ముద్దగా వ్యర్థాల చెరువుకు చేరుతుంది. యురేనియం తీసేసినా దాని సంతానమైన రేడియం అందులోనే ఉంటుంది. రేడియం అర్ధాయువు 1,600 ఏళ్లు. చెరువు అడుగున సరైన పొర వేయకపోవడం వల్ల నీరు భూగర్భంలోకి ఇంకుతోందనీ, బోర్లలో నీరు మారిపోయి అరటి తోటలు దెబ్బతింటున్నాయనీ చుట్టుపక్కల గ్రామాల రైతులు ఏళ్ల తరబడి ఫిర్యాదు చేశారు. నడుపుతున్న యురేనియం కార్పొరేషన్ ఈ ఆరోపణలను తోసిపుచ్చింది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి జోక్యం చేసుకుని సంస్థకు నోటీసులు ఇచ్చింది. నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరు 16న దానికి వ్యతిరేకంగా తీర్మానం చేయడం వెనుక తుమ్మలపల్లి జ్ఞాపకం లేదనుకోలేం.

రియాక్టర్ ప్రమాదం అరుదు. గని పక్క ఊరి రైతుకు వచ్చే నష్టం మాత్రం నిత్యం, నెమ్మదిగా జరిగేది. వార్తల్లో చోటు దొరకని రకం.

కొవ్వాడ నేర్పిన పాఠం

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రానికి 2009లో సూత్రప్రాయ ఆమోదం లభించింది. మొదట ఒక అమెరికన్ సంస్థ రియాక్టర్లన్నారు. తరువాత గుజరాత్‌లోని మీఠీవిర్డిలో వ్యతిరేకత రావడంతో అక్కడికి ఉద్దేశించిన వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లను కొవ్వాడకు మార్చారు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. అదే నమూనా రియాక్టర్లు రెండు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2023, 2024లలో పూర్తయ్యేసరికి వ్యయం 3,000 కోట్ల డాలర్లు దాటింది. కొవ్వాడలో ఇంకా కాంక్రీటు పడలేదు.

కాంక్రీటు పడకపోయినా ప్రభావం మొదలైంది. భూసేకరణ జాబితాలోకి ఎక్కిన ఊళ్లో ఇల్లు కట్టాలన్నా, పిల్లకు సంబంధం చూడాలన్నా సందేహమే. మత్స్యకారులకు పొలం లేదు. పట్టా లేని సముద్రమే వారి ఆస్తి. ఇంటికి పరిహారం ఇస్తారు, తీరానికి ఎవరూ వెల కట్టరు. తీరంలోని కేంద్రం వదిలే నీరు సముద్రపు నీటి కన్నా 7 డిగ్రీలకు మించి వేడిగా ఉండరాదని నిబంధన ఉంది. ఆ కాస్త తేడాకు కూడా కొన్ని జాతుల చేపలు చోటు మారతాయి. పైడిభీమవరం పరిశ్రమల వ్యర్థ జలాలపై ఆ తీరంలో ఫిర్యాదులు ఎప్పటినుంచో ఉన్నాయి.

ఛత్తీస్‌గఢ్‌కు ఇంకా దగ్గరి పోలిక పొరుగున మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లా చుట్కాలో ఉంది. నర్మద మీది బర్గి జలాశయం ఒడ్డున 700 మెగావాట్ల రియాక్టర్లు రెండు ప్రతిపాదించారు. వ్యతిరేకిస్తున్నవారిలో ఎక్కువమంది గోండులు. బర్గి ఆనకట్ట కోసం ఒకసారి ఊళ్లు ఖాళీచేసిన కుటుంబాలు వారిలో ఉన్నాయి. జలాశయం నింపడానికి ఒకసారి, ఆ జలాశయం నీరు వాడుకునే కేంద్రం కోసం రెండోసారి లేవమనడం న్యాయమా అన్నది వారి ప్రశ్న. రేడియేషన్ గురించి ఎన్ని కరపత్రాలు పంచినా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

ప్రమాదం జరిగితే

చెర్నోబిల్‌లో తొలి వారాల్లో ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత పిల్లల్లో వేలాది థైరాయిడ్ కేన్సర్లు బయటపడ్డాయి. రేడియో అయోడిన్ కలిసిన పాలను ఆపకుండా తాగించడం అందుకు ప్రధాన కారణం. సోవియట్ ప్రభుత్వం ప్రజలకు సమయానికి నిజం చెప్పి ఉంటే ఆ పిల్లల్లో చాలామంది బతుకు మరోలా ఉండేది. ఫుకుషిమాలో తీవ్ర రేడియేషన్ సోకి వెంటనే మరణించిన వారు లేరు. కాని లక్షన్నర మందికి పైగా ఇళ్లు విడిచారు. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాల నుంచి హడావిడిగా తరలించడం, ఆ తరువాతి నిర్వాసిత జీవితం కలిసి ఆ ఒక్క జిల్లాలోనే రెండు వేలకు పైగా ప్రాణాలు తీశాయి. రేడియేషన్ కన్నా తరలింపే ఎక్కువ మందిని చంపిందన్న మాట.

మన దగ్గర అంతటి ప్రమాదం జరగలేదు. చేరువగా వచ్చినది 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తర్‌ప్రదేశ్‌లోని నరోరాలో. టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచాయి. కేబుళ్లు కాలిపోయి కేంద్రం మొత్తం గంటల తరబడి విద్యుత్తు లేకుండా పోయింది. సిబ్బంది చేతిలో టార్చిలైట్లతో పైకి ఎక్కి కవాటాలు తెరిచి రియాక్టరులోకి బోరాన్ ద్రావణం పంపారు. రేడియోధార్మికత బయటకు రాలేదు. 2004 డిసెంబరు 26 సునామీలో కల్పాక్కం పంప్‌హౌస్‌లోకి సముద్రం వచ్చింది. రియాక్టరును సురక్షితంగా ఆపగలిగారు. 2016 మార్చి 11న గుజరాత్‌లోని కాక్రాపార్‌లో భారజలం లీకైంది, అదీ లోపలే నిలిచింది. ఫుకుషిమా తరువాత అన్ని కేంద్రాల్లోనూ విద్యుత్తు లేకపోయినా బయటి నుంచి నీరు ఎక్కించే ఏర్పాట్లు చేశారు. కొత్త 700 మెగావాట్ల రియాక్టర్లలో పంపులతో నిమిత్తం లేకుండా వేడిని తొలగించే వ్యవస్థ ఉంది.

నిబంధనల ప్రకారం కేంద్రం చుట్టూ కనీసం ఒక కిలోమీటరు వరకు నివాసాలు ఉండకూడదు. అయిదు కిలోమీటర్ల వరకు జనాభా పెరుగుదలను అదుపు చేయాలి. పదహారు కిలోమీటర్ల వరకు అత్యవసర ప్రణాళిక సిద్ధంగా ఉంచి, డ్రిల్లులు జరపాలి. ఈ పదహారు కిలోమీటర్లలో ఉండే వారికి అయోడిన్ మాత్రలు ఎక్కడ దొరుకుతాయో, ఏ రోడ్డు పట్టుకుని వెళ్లాలో ముందే తెలిసి ఉండాలి. వానాకాలంలో బస్తర్‌లోని ఎన్నో రోడ్ల పరిస్థితి ఎరిగినవారికి ఇది చిన్న షరతు కాదు.

మిగిలిన ఇంధనం, మిగిలిన బాధ్యత

వాడిన ఇంధనాన్ని కొన్నేళ్లు నీటి కొలనుల్లో చల్లారుస్తారు. మన దేశం దానిని పారవేయదు. తిరిగి శుద్ధిచేసి ప్లుటోనియంను వేరుచేస్తుంది. మిగిలిన తీవ్ర రేడియోధార్మిక వ్యర్థాన్ని కరిగించిన గాజులో కలిపి ఉక్కు డబ్బాల్లో భద్రపరుస్తారు. పరిమాణం తక్కువే, ఆయుష్షే ఎక్కువ. సీజియం-137 సగం కావడానికి 30 ఏళ్లు, ప్లుటోనియం-239 సగం కావడానికి 24,000 ఏళ్లు. ఫిన్లాండ్ భూగర్భంలో 400 మీటర్లకు పైగా లోతున శాశ్వత నిల్వ గృహం కట్టుకుంది. మనకు అటువంటిది ఇంకా లేదు.

నష్టం జరిగితే ఎవరు చెల్లిస్తారన్నది మరో లెక్క. భోపాల్ జ్ఞాపకంతో తెచ్చిన 2010 నాటి పౌర బాధ్యత చట్టం కేంద్రాన్ని నడిపే సంస్థ పరిహారాన్ని 1,500 కోట్ల రూపాయలకు పరిమితం చేసింది. నాసిరకం సామగ్రి ఇచ్చిన సరఫరాదారుపై ఆ సంస్థ తిరగబడే హక్కును కూడా ఇచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం దానిని రద్దు చేసింది. ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచింది. పరిహార పరిమితిని రియాక్టర్ పరిమాణాన్ని బట్టి, గరిష్ఠంగా 3,000 కోట్ల రూపాయలుగా నిర్ణయించింది. సరఫరాదారుపై ఆ ప్రత్యేక హక్కును తొలగించింది. ఫుకుషిమాలో ఇప్పటివరకు చెల్లించిన పరిహారం పది లక్షల కోట్ల యెన్లు దాటింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూడవలసిందే. ఇదే చట్టం 1983 నుంచి కార్యనిర్వాహక ఉత్తర్వుపై నడిచిన ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ఎంతోకాలంగా నిపుణులు కోరుతున్న మార్పు అది, స్వాగతించదగినది.

ప్రస్తుతం దేశంలో అణు విద్యుత్ సామర్థ్యం 9,000 మెగావాట్ల లోపు. మొత్తం విద్యుత్తులో దాని వాటా మూడు శాతం. 2047 నాటికి లక్ష మెగావాట్లకు చేర్చాలన్నది కేంద్ర ప్రభుత్వ లక్ష్యం. అంత పెరుగుదల జరగాలంటే తీరప్రాంతం ఒక్కటే చాలదు, ఛత్తీస్‌గఢ్ వంటి లోతట్టు రాష్ట్రాలు తప్పవు. రాజస్థాన్‌లోని మాహీ బాన్స్‌వాడాలో అణు విద్యుత్ సంస్థ, ఎన్‌టీపీసీ కలిసి నిర్మించే కేంద్రానికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. అక్కడా ఆధారం నది జలాశయమే.

ఛత్తీస్‌గఢ్ ప్రతిపాదన ముందుకు సాగితే పర్యావరణ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. సాధారణంగా అందులో రేడియేషన్ అధ్యాయం పెద్దదిగా ఉంటుంది, నీటి వనరుల పట్టిక చిన్నదిగా ఉంటుంది. ఆ చిన్న పట్టికలో మూడు వివరాలు వెతకాలి: ఏ నది నుంచి, వేసవి నెలల్లో ఎన్ని క్యూసెక్కులు, వరుసగా రెండేళ్లు వానలు కురవకపోతే ఆగిన రియాక్టరును చల్లబరచడానికి ప్రాంగణంలో ఎన్ని రోజుల నీరు నిల్వ ఉంటుంది.